పచ్చదనం వేరు, పొదుపు వేరు

భాద్రపద మాసం. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. గురజాల రోడ్డు మీద టీ బంకు దగ్గర మా బాబాయి గ్లాసు పట్టుకుని రోడ్డవతలి పత్తి చేల వంకే చూస్తున్నాడు.

"చూశావంట్రా, పక్కోడి సేను నల్లగా ఎట్టా ఏపుకొచ్చిందో! మనది పాలిపోయింది. ఇంకో కట్ట చల్లమంటావా?"

ముదురాకుపచ్చని మా ఊళ్లో 'నలుపు' అంటారు. కట్ట అంటే యూరియా కట్ట. ఆ ఏడు అప్పటికే మూడుసార్లు చల్లి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా టీ డబ్బులిచ్చి, బండి తీసి, ఎరువుల కొట్టుకు వెళ్లిపోయాడు. ఆయన ప్రశ్నకు పక్క చేను ముందే జవాబు చెప్పేసింది మరి.

పోయిన అధ్యాయంలో జీతం గురించీ జమ గురించీ మాట్లాడుకున్నాం. జీతం పెరిగిన ఏడాదే అప్పు కూడా పెంచుకున్నవాళ్లను చూశాం. చేతిలో ఆడే డబ్బు వేరు, చివరికి మిగిలే డబ్బు వేరు. ఈసారి అదే లెక్క పొలంలో వేద్దాం. యూరియాతో వచ్చే పచ్చదనం చేతిలో ఆడే డబ్బు. నేలలో నిలిచే కర్బనం మిగిలే డబ్బు. మొదటిది పోస్తూ పోతే రెండోది దానంతటదే పెరుగుతుందా? మీకు పొలం లేకపోయినా ఈ అధ్యాయం చదవండి. లెక్క అందరిదీ ఒకటే.

రెండు ఖాతాలు

రాలిన ఆకులు, కుళ్లిన వేళ్లు, పేడ, చచ్చిన సూక్ష్మజీవులు. వీటిలో గాలికి పోగా మట్టిని అంటుకుని మిగిలేదే సేంద్రియ కర్బనం. నీటిని పట్టి ఉంచేది, పోషకాలను కొంచెం కొంచెంగా వదిలేది, మట్టిగడ్డను గడ్డగా నిలిపేది అదే. మట్టి పరీక్ష కార్డు మీద 'ఓసీ' అన్న గడిలో ఉంటుంది. 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని లెక్క.

0.1 శాతం తేడా ఏమంత అనిపిస్తుంది. ఒకసారి గుణించి చూడండి. ఎకరం పొలంలో పై అర అడుగు మట్టి బరువు సుమారు 800 టన్నులు. అందులో 0.1 శాతం అంటే 800 కిలోల కర్బనం. నేలలో స్థిరపడ్డ కర్బనం ఒంటరిగా ఉండదు. ప్రతి 10, 12 కిలోలకూ ఒక కిలో నత్రజనిని జంట కట్టుకుని ఉంటుంది. ఆ లెక్కన 800 కిలోల కర్బనంతో పాటు దాదాపు 70 కిలోల నత్రజని నేలలో దాగి ఉంటుంది. 45 కిలోల యూరియా కట్టలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే మూడు కట్టలకు మించిన సరుకు.

ఇప్పుడు దీన్నే తిప్పి చదవండి. మీ కార్డు మీద ఓసీ 0.5 నుంచి 0.4కు పడిందంటే ఎకరానికి మూడు కట్టల నిల్వ మీకు తెలియకుండానే కరిగిపోయింది. అందులో కొంత పంట తింది, కొంత గాలికీ నీటికీ పోయింది. ఇక ఆ మూడు కట్టలూ ఏదో ఒక నాడు కొట్లో కొనాల్సిందే.

చాపకూడు లెక్క

పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన కథ ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. నేల లోపల కూడా రోజూ చాపకూడే జరుగుతుంది. తినేవి సూక్ష్మజీవులు. వాటికి కూడు కర్బనం, కూర నత్రజని.

వాటికి సరిపడే వడ్డన సుమారు 24 పాళ్ల కర్బనానికి 1 పాలు నత్రజని. ఆ 24లో 16 పాళ్లు ఊపిరిగా గాలిలోకి పోతాయి. 8 పాళ్లు వాటి ఒంటికి పడతాయి. ఆ ప్రాణులు చచ్చాక వాటి ఒళ్లే బంకమట్టికి అతుక్కుని నిల్వ అవుతుంది. కనుక నేలలో కర్బనం దాచాలంటే కూడూ కావాలి, కూరా కావాలి, అదీ ఒకే పూట కావాలి.

వరిగడ్డిలో 60 నుంచి 80 పాళ్ల కర్బనానికి 1 పాలే నత్రజని. కూడు రాశి, కూర చెంచాడు. అందుకే గడ్డి దున్నిన చేలో పైరు మొదట్లో కొన్నాళ్లు పసుపెక్కుతుంది. సూక్ష్మజీవులు కూర కోసం పైరుతో పోటీ పడతాయి. అదీ చాలకపోతే నేలలోని పాత నిల్వను తవ్వుకుంటాయి.

పొలంలో పుట్టినదంతా తీసేసి యూరియా ఒక్కటే చల్లితే ఈ లెక్క తిరగబడుతుంది. విస్తట్లో కూర ఉంది, కూడు లేదు. పైరు తీసుకోగా మిగిలిన నత్రజనిని పట్టి ఉంచేవారు ఉండరు. కొంత నీటితో కిందికి దిగిపోతుంది. పల్నాడులో ఇంకో చిక్కు ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ, మాచర్ల వైపు సిమెంటు కర్మాగారాలకూ తిండి పెడుతున్న సున్నపురాయి మీదే మన నేలలున్నాయి. క్షార గుణమున్న ఇలాంటి నేల మీద పైపైన చల్లిన యూరియా అమ్మోనియాగా మారి తొందరగా గాలిలో కలుస్తుంది. ఇంకొంచెం నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. ఆ వాయువు బొగ్గుపులుసు వాయువుకన్నా దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

నూట ఎనభై ఏళ్ల పాఠాలు

ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్ అనే చోట 1843లో మొదలుపెట్టిన గోధుమ మడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో కర్బనం, ఏమీ వేయని మడితో పోలిస్తే రెట్టింపు దాటింది. రసాయన ఎరువులు మాత్రమే వేసిన మడుల్లో కొద్దిగానే పెరిగింది. పంట బాగా పెరిగితే వేళ్లూ మోళ్లూ ఎక్కువ మిగులుతాయి, ఆ మేరకే ఆ కొద్దిపాటి లాభం.

అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1876 నుంచి సాగుతున్న మారో మడుల లెక్కలు చూసి, నత్రజని ఎరువు కర్బనాన్ని పెంచదు సరికదా తగ్గిస్తుందని కొందరు శాస్త్రవేత్తలు 2007లో వాదించారు. మరికొందరు ప్రపంచంలోని పాత ప్రయోగాలు చాలావాటిని కలిపి చూసి వేరేగా చెప్పారు. సాగు చేసే నేలలో కర్బనం ఎలాగూ తగ్గుతూ వస్తుంది, నత్రజని ఎరువు ఆ తగ్గుదల వేగాన్ని కొంత ఆపుతుంది అన్నారు. ఈ వాదులాటలో రైతుకు పనికొచ్చే మాట ఒకటుంది. యూరియా ఒక్కటే పొదుపు పెంచుతుందని ఇరు పక్షాల్లో ఎవరూ భరోసాగా చెప్పలేదు.

మన దేశంలో 1970 నుంచి నడుస్తున్న దీర్ఘకాల ఎరువుల ప్రయోగాల్లో హిమాచల్‌లోని పాలంపూర్ మడి భయపెట్టే పాఠం. అది పులుపు నేల. ఏళ్ల తరబడి నత్రజని ఒక్కటే వేస్తూ పోతే ఆ మడిలో పంట సున్నాకు పడిపోయింది. సున్నపు గుణమున్న మన రేగడిలో ఆ ప్రమాదం అంత తొందరగా రాదు. అయినా ఒక్క పోషకాన్నే నమ్ముకోవడం ఎక్కడైనా తప్పే. ఎరువులతో పాటు పశువుల ఎరువూ కలిపిన మడుల్లో కర్బనం అన్నిటికన్నా బాగా నిలిచింది, పెరిగింది.

మన నేలకు దగ్గరి సాక్ష్యం పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఉంది. అక్కడి నల్లరేగడిలో 1976 నుంచి రెండు పద్ధతులు పక్కపక్కనే నడిపారు. పాత పద్ధతిలో వానకాలమంతా నేల బీడు, యాసంగిలో ఒక పంట, రెండేళ్లకోసారి పశువుల ఎరువు. కొత్త పద్ధతిలో వెడల్పాటి బోదెలు, వానకాలం నుంచే పంట, జొన్నలో కంది అంతరపంట, మోతాదు ప్రకారం నత్రజని, భాస్వరం. ఏటా సగటు దిగుబడి కొత్త దానిలో హెక్టారుకు 4.7 టన్నులు, పాత దానిలో 0.9 టన్ను. కొత్త మడి నేలలో 24 ఏళ్లలో హెక్టారుకు 7.3 టన్నుల కర్బనం అదనంగా నిలిచింది.

ఈ లెక్కలో రెండు చెంపలకూ దెబ్బలున్నాయి. ఎరువుల కట్టే దైవం అనుకునేవారికి ఒకటి. అక్కడ పనిచేసింది నత్రజనితో పాటు కంది వేరు, రాలిన ఆకు, వానకాలం పచ్చగా కప్పిన నేల. అప్పుడప్పుడూ పెంట తోలితే చాలు అనుకునేవారికి రెండోది. నాలుగు నెలలు నేలను ఎండకూ వానకూ వదిలేస్తే తోలిన పెంట కూడా నిలవదు.

కంటితో తీసుకునే నిర్ణయాలు

ఇంత తెలిసీ మనం కట్టకే ఎందుకు పరిగెత్తుతాం? దీన్ని తెలివితక్కువ అనడం తేలిక. అలవాటు ఎలా పుట్టిందో చూడడం మేలు.

పల్నాడులో జొన్నకూడు తప్ప మరోటి దొరకదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చాటువులు చెబుతాయి. ఆ మెట్ట సీమకు నీళ్లు నిన్న మొన్న వచ్చినవే. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీటి విడుదల. కుడి కాలువ నీరు తగలగానే జొన్న చేలు వరి మడులయ్యాయి, పత్తి చేలయ్యాయి, మిరప తోటలయ్యాయి. ట్రాక్టరు వచ్చింది, కొట్టం ఖాళీ అయింది. పెంటదిబ్బ ఉన్న చోట బండి నిలపడం మొదలైంది. పేడ పోయిన చోటును కట్ట ఆక్రమించింది.

ఆ కట్ట మూడు విధాలుగా మన మనసును గెలుస్తుంది. ఒకటి, ధర. 45 కిలోల యూరియా 266 రూపాయల 50 పైసలు. డీఏపీ కట్ట 1,350. రెండోది, వేగం. చల్లిన వారంలో ఆకు రంగు తిరుగుతుంది. కర్బనం పెరిగిందో లేదో తెలియాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. మూడోది, పక్క చేను. మాచర్ల వారినీ గురజాల వారినీ కోడిపందెం పల్నాటి యుద్ధం దాకా ఎలా తీసుకెళ్లిందో మనకు తెలియనిది కాదు. పచ్చదనం పందెం కూడా అలాంటిదే. పక్కవాడు నాలుగు కట్టలు వేస్తే మనం ఐదు.

పందెం ఖర్చు తర్వాత తెలుస్తుంది. నత్రజని మితిమీరిన మొక్క లేతగా, రసం నిండి ఉంటుంది. రసం పీల్చే పురుగులకు విందు. 2021లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడి ఏం చేసిందో ఈ ప్రాంతంలో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. దానికి కారణం యూరియా ఒక్కటే అనలేం. కానీ లేత ఆకు పెంచి పురుగును పిలిచి, ఆ పురుగు మందుకు మళ్లీ అప్పు చేయడం ఏ లెక్కకూ నిలవదు.

కంటికి కనపడే దాన్ని బట్టి ఖర్చు పెట్టడం, కనపడని దాన్ని బట్టి దాచడం. మొదటిది అందరికీ వస్తుంది. రెండోది నేర్చుకోవాలి.

నేర్చుకోవాల్సిన అలవాట్లు

ఓసీ గడి చదవండి. వేసవిలో, పంట లేనప్పుడు మట్టి తీయించండి. ఎరువు ఈమధ్యే పడిన చోట, చెట్టు నీడన, గట్టు పక్కన తీయొద్దు. కార్డు రాగానే ఆ అంకెను ఇంటి గోడ మీద తేదీతో రాయండి. మూడేళ్లకు దాని పక్కన రెండో అంకె రాయాలి. పాసుపుస్తకం లేని పొదుపు ఎప్పుడూ నిలవదు.

అగ్గిపెట్టె ఇంట్లో వదిలి వెళ్లండి. వరిగడ్డి, పత్తి కట్టె, మిరప కట్టె తగలబెట్టిన పూట కూడంతా పొగ. అందులోని నత్రజని కూడా చాలావరకు అదే దారి. పత్తి కట్టెను ముక్కలు చేసే యంత్రాన్ని నలుగురు కలిసి అద్దెకు తెచ్చుకోవచ్చు. గులాబి పురుగు భయం ఉంది కాబట్టి కట్టెను చేలో నిలబెట్టి ఉంచొద్దు, చివరి తీత కాగానే ముక్కలు చేసి కలియదున్నండి. తెగులు సోకిన మిరప మొక్కలను మాత్రం నేరుగా దున్నకుండా కుప్ప వేసి బాగా మాగనివ్వండి.

కూడు వడ్డించిన పూటే కూర వడ్డించండి. గడ్డి, కట్టె కలియదున్నేటప్పుడు తడి ఉండేలా చూసి ఎకరాకు 20 కిలోల దాకా యూరియా చల్లండి. ఇది అదనపు కట్ట కాదు, పంటకు వేయాల్సిన మోతాదులోంచి తీసి ముందుగా వేసేది. కర్బనాన్ని దాచే పనిలో యూరియాకు నిజంగా పాత్ర ఉన్న చోటు ఇదే.

చల్లడం మాని పెట్టడం నేర్చుకోండి. మోతాదును విడతలుగా విడగొట్టి, పదునులో, మొక్క మొదట్లో వేసి మట్టి కప్పండి. డ్రిప్పు ఉంటే దాని ద్వారా ఇవ్వండి. వరిలో అయితే ఆకు రంగు పట్టిక జేబులో పెట్టుకుని దానితో పోల్చి చూశాకే పైపాటు వేయండి.

తొలకరికి ముందు నేలను ఖాళీగా ఉంచొద్దు. జీలుగ, జనుము, పిల్లిపెసర, ఏది దొరికితే అది చల్లి పూతకు ముందు దున్నేయండి. ఆ లేత పచ్చిరొట్టలో కూడూ కూరా దాదాపు సరిపాళ్లలో ఉంటాయి. గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి ఈ ఆలోచనతోనే నడుస్తుంది. ఏడాదిలో వీలైనన్ని రోజులు నేలలో బతికిన వేరు ఉండాలంటారు వాళ్లు. ఆ కృషికి 2024లో గుల్బెంకియన్ బహుమతి దక్కింది. దాన్ని పంచుకున్నవారిలో నేల కర్బనం మీద జీవితమంతా పనిచేసిన రతన్ లాల్ ఒకరు. యూరియా పూర్తిగా మానాలా, తగ్గించాలా అన్నది మీ ఇష్టం. నవధాన్యాలు మాత్రం మానేవారికీ తగ్గించేవారికీ పనికొస్తాయి.

పత్తి సాళ్ల మధ్య కంది వేయండి, గట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటండి. వేసవిలో గొర్రెల మంద పెట్టించుకోవడం మన తాతల నాటి పద్ధతి, దాన్ని పోనీయొద్దు. రొటావేటరును మాత్రం పొదుపుగా తిప్పండి. రేగడిలో బంకమట్టి తన లోపల కర్బనాన్ని దాచుకుంటుంది. పొడి పొడిగా కొట్టిన ప్రతిసారీ ఆ పెట్టె మూత తీసినట్టే. పైన రెంటచింతల ఎండ, లోపల తెరిచిన పెట్టె. ఇక మిగిలేదేమిటి?

ఇవన్నీ ఒకే ఏడు మొదలుపెట్టొద్దు. ఒకటి ఎంచుకోండి. ఒకే ఒక్క ఎకరంలో చేయండి. మిగతా పొలంలో ఎప్పటిలాగే చేసుకోండి. పోల్చుకోవడానికి మీకంటూ ఒక గుర్తు ఉంటుంది.

కౌలు రైతు అడిగే ప్రశ్న

"నేల నాది కాదు. ఏడాదికి ఇంతని కౌలు కట్టి మిరప వేస్తా. నేను దాచింది వచ్చే ఏడు ఇంకొకడు తింటాడు. నేనెందుకు దాచాలి?"

న్యాయమైన ప్రశ్న. అద్దె ఇంటికి ఎవరూ సున్నం వేయించరు. కానీ కౌలు రైతుకూ ఈ ఏడాదే చేతికొచ్చే పనులున్నాయి. విడతలుగా వేసి కట్ట మిగుల్చుకోవడం, మట్టి కప్పి నష్టం ఆపుకోవడం, తొలకరికి ముందు పచ్చిరొట్ట దున్ని అదే పంటలో కొంత నత్రజని రాబట్టుకోవడం. వీటి ఫలితం అదే ఏడు దక్కుతుంది. మిగతా పనులకు భూమి యజమానితో మాట్లాడాలి. "మూడేళ్లకు మాట ఇవ్వండి, కట్టె కాల్చను, కార్డు మీద అంకె పెంచి చూపిస్తా" అని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ గోడ మీద రాసిన అంకె చేతిలో ఉన్నవాడి బేరం వేరుగా ఉంటుంది.

ఈ వారం మీ పని

రెండు గాజు గ్లాసులు, నీళ్లు, ఒక పార. చేను నడిమధ్యన ఒక చిన్న మట్టిగడ్డ తీయండి. అదే చేను గట్టు మీద, గడ్డి వేళ్లున్న చోట, అంతే గడ్డ తీయండి. రెండూ నీడలో బాగా ఆరనివ్వండి. ఒక్కో గ్లాసు నీళ్లలో ఒక్కోటి మెల్లగా వదిలి కాసేపు చూడండి. ఏది కరుగుతుంది, ఏది నిలుస్తుంది, నీళ్లు ఏ రంగు తిరుగుతాయి అన్నది నోటుపుస్తకంలో రాయండి. వచ్చే వేసవిలో మళ్లీ చేయండి.

ఆ మరుసటి వేసవిలో అదే టీ బంకు దగ్గర బాబాయి ముందు రెండు గ్లాసులు పెట్టాను. చేలో మట్టి చూస్తుండగానే విచ్చుకుని అడుగున బురదగా పడింది. గట్టు మీది గడ్డ అంచులు రాలినా గడ్డలాగే నిలబడింది. ఆయన రెండు గ్లాసుల వంకా చాలాసేపు చూశాడు.

"గట్టుకు ఏం ఏశావురా?"

"నేనేం ఏయలేదు బాబాయ్. దాని మీద మొలిచింది దాని మీదే కుళ్లింది. అంతే."

ఆయన తల ఎత్తి రోడ్డవతలికి చూశాడు. ఈసారి పక్క చేను వంక కాదు. తన చేను గట్టు వంక.